పొయ్యి పక్కన తడిసిన జోళ్ళు

రండి, ఇలా మంట దగ్గరికి జరగండి. ఆ స్టూలు వద్దు, దాని కాలు ఊగుతోంది. ఈ పీట లాక్కోండి. సంక్రాంతి వెళ్ళినా మా గోదావరి వైపు చలి ఇంకా వదల్లేదు. పొద్దు వాలేసరికి కాలవ గట్టు మీంచి మంచు దిగిపోతుంది. కొబ్బరి మట్టలు నాలుగు విరిచి వేశాను, కాసేపు బాగానే మండుతాయి. అల్లం టీ మరుగుతోంది. ఈ లోపల నా మనసులో చాలాకాలంగా తిరుగుతున్న కబురొకటి చెప్తాను.

‘పరదేశి’ అనే మాట ఉంది చూడండి. తెలుగు బైబిలు నిండా కనబడుతుంది. మామూలుగా మనం ఆ మాట ఎక్కడ వాడతాం? ‘పాపం, దిక్కులేని పరదేశి’ అంటాం. వేరే దేశంవాడన్న అర్థం ఎప్పుడో వెనక్కి పోయింది, ఎవరూ లేనివాడన్న అర్థం ముందుకొచ్చింది. మన భాష ఆ రెండు బాధల్నీ ఒక్క మాటలో కట్టేసింది. ఊరు విడిచినవాడికి ఊరొక్కటే పోదు, పేరు పెట్టి పిలిచే మనుషులూ పోతారని మన పెద్దలకి తెలిసినట్టుంది.

చిన్నప్పుడు సండే స్కూల్లో మత్తయి సువార్త 25వ అధ్యాయం చెప్పేవారు. చివరి తీర్పు రోజున రాజు అడిగే లెక్క అది. ఆకలిగొన్నవాడు, దప్పిగొన్నవాడు, బట్టలేనివాడు, రోగి, చెరలో ఉన్నవాడు, వీళ్ళతో పాటు పరదేశి. ఐదుగురి సంగతి నాకు వెంటనే అర్థమైంది. అన్నం, నీళ్ళు, బట్ట ఇస్తాం, వెళ్ళి చూసివస్తాం. మరి పరదేశికి ఏమిస్తాం? అక్కడ ‘ఇవ్వడం’ అన్న మాటే లేదు, ‘చేర్చుకోవడం’ అని ఉంది. ఇంటికొచ్చి అమ్మని అడిగాను. అమ్మ నోటితో జవాబు చెప్పలేదు. వంటకి బియ్యం కొలుస్తోంది. కొలవడం అయ్యాక ఇంకో గుప్పెడు తీసి ఎసట్లో పోసింది. ‘ఇవి ఎవరికి?’ అంటే ‘వచ్చేవాళ్ళకి’ అంది. ‘ఎవరొస్తారు?’ అంటే ‘వచ్చాక తెలుస్తుంది’ అంది.

నిజంగానే వచ్చేవారు. బైబిళ్ళు, సువార్త పుస్తకాలు సంచిలో వేసుకుని ఊరూరా తిరిగే కల్‌పోర్టర్లు, ఆఖరి బస్సు తప్పిపోయినవాళ్ళు, రేవు దాటలేక ఆగిపోయినవాళ్ళు. మా ఇంటికి అరుగు ఉండేది. తెలియని మనిషి వచ్చి ఎవర్నీ అడక్కుండా కూర్చోగల చోటు అది, సగం ఇల్లు, సగం వీధి. ఇప్పుడు కట్టే ఇళ్ళకి అరుగుల్లేవు. గేటూ గ్రిల్లూ ఉన్నాయి. ఈ గ్రిల్లు సంగతికి మళ్ళీ వస్తాను, మర్చిపోనివ్వకండి.

ఇప్పుడు మిమ్మల్ని చాలా దూరం తీసుకెళ్తాను. ఫ్రాన్స్ దేశం నడిబొడ్డున, దక్షిణానికి ఒత్తిగిలి, ఒక కొండ మైదానం ఉంది. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. చలికాలంలో అక్కడ వీచే ఈదురుగాలికి వాళ్ళు ‘బుర్ల్’ అని పేరే పెట్టుకున్నారు. మంచుని నేల మీంచి లేపి మొహాన కొడుతుందట. ఆ మైదానం మీద రాతి ఇళ్ళ చిన్న ఊరు లె షాంబోన్. ఊళ్ళో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. గుడి చాలా సాదాగా ఉంటుంది. ఒకరినొకరు ప్రేమించమన్న క్రీస్తు ఆజ్ఞ దాని గుమ్మం మీద రాతిలో చెక్కి ఉంటుంది.

1940 జూన్‌లో ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయింది. 22న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మర్నాడు ఆదివారం. లె షాంబోన్ పాస్టరు ఆంద్రే త్రోక్మే, ఆయన తోటి పాస్టరు ఎడువార్డ్ టైస్ ఆ ఉదయం సంఘానికి చెప్పిన సంగతి ఇది: సువార్తకి విరుద్ధమైన పని చెయ్యమని ఎవరు బలవంతపెట్టినా మనం చెయ్యం, ఆత్మ ఇచ్చే ఆయుధాలతో ఎదిరిస్తాం, భయపడం, ద్వేషించం కూడా. దేశం కూలిన మర్నాడు ప్రసంగపీఠం మీంచి ఈ మాట చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలో ఆలోచించండి.

అయితే నా కబురు ప్రసంగపీఠం గురించి కాదు. వంటింటి గురించి.

పాస్టరమ్మగారి పేరు మగ్దా. ఇటలీలో ఫ్లోరెన్స్ నగరంలో పుట్టి పెరిగిన మనిషి. అంటే ఆ ఊరికి తనూ పరదేశే. నలుగురు పిల్లలు, ఎప్పుడూ జనంతో నిండి ఉండే పాస్టరు ఇల్లు, రేషను రోజులు. ఆ 1940-41 చలికాలంలో ఒక సాయంత్రం ఎవరో తలుపు కొట్టారు. తీసి చూస్తే గుమ్మంలో ఒకామె, ఒంటి నిండా మంచు, వణుకుతోంది. జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదురాలు. లోపలికి రావచ్చా అని అడిగింది. మగ్దా అందులో ఆలోచించవలసిందేమీ చూడలేదు. రమ్మంది, పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది, తినడానికి పెట్టింది. తడిసి నీరుకారుతున్న ఆమె జోళ్ళు పొయ్యి వేడికి ఆరబెట్టింది.

తర్వాత ఊరి మేయరు దగ్గరికి పరుగెత్తింది. ఏదో ఒక కాగితం రాసిస్తే ఈమెని దాచుకోవచ్చు అనుకుంది. మేయరు మండిపడ్డాడు. ఈ ఒక్క మనిషి కోసం ఊరందరినీ ప్రమాదంలోకి తోస్తావా, రేపటికల్లా పంపించెయ్యి అన్నాడు. మగ్దా బరువెక్కిన మనసుతో ఇంటికొచ్చి చూసేసరికి జోళ్ళు మాడి బొగ్గయ్యాయి.

నేను ఈ కథ చదివినప్పుడు ఇక్కడే పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. యుద్ధకాలం, కొత్త జోళ్ళు దొరకవు. ఆ మంచులో జోళ్ళు లేని కాళ్ళతో ఆమెని ఎక్కడికి పంపిస్తారు? మగ్దా ఇల్లిల్లూ తిరిగి ఎవరి దగ్గరో ఒక జత సంపాదించింది. కానీ ఆ రాత్రి దాటాక ఆమెని ఇంట్లో ఉంచుకోలేకపోయింది. సాయం చేస్తారనుకున్న ఇంకొకరి దగ్గరికి పంపించింది. అలా పంపించడం తనని చాలాకాలం బాధపెట్టిందని తర్వాత చెప్పుకుంది. ఆ రోజే ఆమెకి ఒక సంగతి తెలిసింది. అనుమతి అడగకూడదు. తలుపు తియ్యాలి, అంతే. తర్వాత నాలుగేళ్ళపాటు ఆ ఇంటి తలుపు కొట్టినవాళ్ళ విషయంలో ఆమె మళ్ళీ ఎవరి అనుమతీ అడగలేదు.

ఆ ఊరివాళ్ళకే ఈ బుద్ధి ఎక్కడినుంచి వచ్చింది అని మీరు అడగవచ్చు. కొంత చరిత్రలోంచి వచ్చింది. ఫ్రాన్స్ ప్రొటెస్టెంట్లని హ్యూగెనో అంటారు. 1598లో నాంత్ శాసనం వాళ్ళకి ఆరాధన హక్కు ఇచ్చింది. 1685లో 14వ లూయీ దాన్ని రద్దు చేశాడు. ఆ తర్వాత వందేళ్ళు అడవుల్లో, గుహల్లో దొంగచాటుగా ఆరాధన చేసుకున్నారు. పట్టుబడ్డ పాస్టర్లని ఉరితీసేవారు, మగవాళ్ళని ఓడల్లో తెడ్లకి కట్టేసేవారు. మరీ దురాన్ అనే ఆడపిల్లని 1730లో ఎగ్-మోర్త్ కోట బురుజులో పెట్టారు. విశ్వాసం వదులుకుంటానంటే వదిలేస్తారు. ఆమె ఆ మాట అనలేదు. 38 ఏళ్ళ తర్వాత, 1768లో బయటికొచ్చింది. ఆ బురుజులో రాతి మీద ‘ఎదిరించు’ అన్న అర్థంలో ఒకే ఒక్క మాట చెక్కి ఉంది, అది ఆమె చెక్కిందనే చెప్పుకుంటారు. ఇలాంటి కథలు వింటూ పెరిగిన పిల్లలకి, తలుపు దగ్గర వణుకుతూ నిలబడ్డ మనిషిని చూస్తే తమ ముత్తవ్వే వచ్చినట్టు అనిపించదూ? మోషే ధర్మశాస్త్రం కూడా పరదేశిని బాధించవద్దని చెప్పిన చాలాచోట్ల కారణం ఇదే చెప్తుంది: ఐగుప్తులో మీరూ పరదేశులే కదా అని.

ఇంకో సంగతి చెప్పాలి, ఇది మా వైపు మనుషులకి దగ్గరిది. ఆ మైదానం మీద పొలాల్లో దూరదూరంగా ఉండే రైతుల్లో చాలామంది డార్బీ మార్గం బ్రదరెన్లు. పాస్టరు ఉండడు, బైబిలే అన్నీ. మా నరసాపురం వైపు 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ దంపతులు వచ్చి మొదలుపెట్టిన గోదావరి డెల్టా మిషనుదీ అదే ఊట. తర్వాత పాయలు విడిపోయినా నీరు ఒకటే. అందుకే వాళ్ళ కథలు చదువుతుంటే నాకు మా పాలెంలో పెద్దవాళ్ళే కళ్ళముందు మెదిలారు, పొద్దున లేచి దీపం దగ్గర పాత నిబంధన చదువుకునే మనుషులు. అక్కడొక రైతు ఇంటికి ఒక శరణార్థి స్త్రీ గుడ్లు కొనుక్కోవడానికి వెళ్ళిందట. ఇంటావిడ నెమ్మదిగా ‘నువ్వు యూదురాలివా?’ అని అడిగింది. వచ్చినామె గుండె ఆగినంత పనయింది. ఇంటావిడ మేడమీదకి కేకేసి మొగుణ్ణీ పిల్లల్నీ దిగిరమ్మంది. దేవుడు ఎన్నుకున్న జనంలోంచి ఒకామె మన గడప తొక్కింది, వచ్చి చూడండి అని! ఆమెకి అది పండగ. రోజూ చదివే పుస్తకంలోంచి అబ్రాహాము మనవరాలు లేచి గుడ్లకోసం వచ్చింది.

అబ్రాహాము అంటే గుర్తొచ్చింది. మమ్రే చెట్ల కింద ఎండవేళ గుడారం వాకిట్లో కూర్చుని ముగ్గురు బాటసారుల్ని చూశాడు. ఆ వయసులో పరుగెత్తుకెళ్ళి పిలిచాడు. శారాని పిండి పిసకమన్నాడు, లేగదూడని తెచ్చాడు. వచ్చినవాళ్ళెవరో అతనికి తెలియదు. హెబ్రీయులకు రాసిన పత్రికలో ఆతిథ్యం గురించి చెప్పేచోట ఈ సంగతే గుర్తుచేస్తారు. మన అనువాదంలో ‘ఆతిథ్యం’ అని ఉన్నచోట మూల గ్రీకులో ఉన్న మాటకి అచ్చంగా అర్థం ‘పరాయివాడి మీద ప్రేమ’. ఆ భాషలో పరాయివాడికీ అతిథికీ మాట ఒకటే. మన ‘అతిథి’ కూడా తిథి చెప్పకుండా వచ్చేవాడనే కదా పెద్దలు చెప్పేది. మనం మాత్రం ఆతిథ్యాన్ని పిలిచినవాళ్ళకి, తెలిసినవాళ్ళకి, తిరిగి పిలవగలిగినవాళ్ళకి కుదించేసుకున్నాం. అది నాకు చాలా కష్టంగా ఉంటుంది.

సరే, లె షాంబోన్‌కి వెళ్దాం. ఊరికే మంచితనంతో జరిగే పని కాదది, ఏర్పాటు కావాలి. బర్న్స్ చామర్స్ అనే అమెరికన్ క్వేకరు (యుద్ధం కూడదనే క్రైస్తవ శాఖ వాళ్ళది) త్రోక్మేతో చెప్పాడు, గుర్స్, రివెసాల్ట్ లాంటి నిర్బంధ శిబిరాల్లోంచి కొందరిని, ముఖ్యంగా పిల్లల్ని, బయటికి తీసుకురాగలం, కానీ వాళ్ళని పెట్టుకునే ఊరేదీ లేదు అని. ఆ ఊరు మాదే అవుతుంది అన్నాడు త్రోక్మే. క్వేకర్లు, స్విస్ సహాయ సంస్థ, ఫ్రెంచి ప్రొటెస్టెంట్ యువజనుల సిమాద్ డబ్బు సర్దారు, పిల్లల వసతి గృహాలు లేచాయి. అంతకుముందునుంచే ఆ మైదానానికి పరాయి పిల్లల్ని ఉంచుకోవడం అలవాటు. బొగ్గుగనుల ఊరు సెంతెతియెన్ నుంచి పేద పిల్లలు మంచి గాలి కోసం అక్కడి పొలాల ఇళ్ళకి వచ్చి ఉండేవారు. త్రోక్మే, టైస్ కలిసి 1938లో పెట్టిన బడి ఉండనే ఉంది. అందులో చదువుకున్న శరణార్థి కుర్రాడొకడు, తల్లితో పాటు శిబిరాల్లో మగ్గి వచ్చినవాడు, తర్వాత ప్రపంచంలోనే గొప్ప గణితవేత్తల్లో ఒకడయ్యాడు. అతని పేరు అలెగ్జాండర్ గ్రోతెన్‌డీక్, 1966లో ఫీల్డ్స్ పతకం అతనికి వచ్చింది. మనం చేర్చుకునే పిల్లవాడు రేపు ఏమవుతాడోనని కాదు నేను ఈ సంగతి చెప్పేది. ఏమీ కాకపోయినా అతను అంతే విలువైనవాడు. కానీ బతికినవాళ్ళలో ఎవరెవరున్నారో తెలిస్తే, బతకనివాళ్ళతో ఏమేం పోయిందో తెలుస్తుంది.

దొంగ కాగితాలు కావలసివచ్చేవి, పేర్లు మార్చిన గుర్తింపు కార్డులు, రేషను కార్డులు. ఇరవై నిండని ఒస్కార్ రొసోవ్స్కీ, తనూ శరణార్థే, ఒక రైతు ఇంట్లో కూర్చుని వందలకొద్దీ తయారుచేశాడు. ఆ సామాను తేనెటీగల పెట్టెల్లో దాచేవారట. చీటీల్లో మనుషుల్ని ‘పాత నిబంధనలు’ అని రాసుకునేవారట. రేపు మూడు పాత నిబంధనలు పంపుతున్నాం అంటే ముగ్గురు యూదులు వస్తున్నారని. పోలీసులు వస్తున్నారని తెలియగానే పిల్లల్ని అడవిలోకి తీసుకెళ్ళేవారు. పోలీసులు వెళ్ళిపోయాక ఊరివాళ్ళు అడవి దగ్గరికొచ్చి పాట పాడేవారు. పాట వినబడిందంటే ఇంటికి రావచ్చు.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చే సంగతి ఇంకొకటి. వచ్చిన యూదు పిల్లల్ని క్రైస్తవులుగా మార్చాలని అక్కడి పెద్దలు చూడలేదు. వాళ్ళ సబ్బాతు వాళ్ళు ఆచరించుకోవడానికి వీలు కల్పించారు. చేర్చుకోవడం వేరు, మార్చుకోవడం వేరు. ప్రాణభయంతో గుమ్మం ఎక్కినవాడి దగ్గర విశ్వాసం బేరం పెట్టకూడదని ఆ హ్యూగెనోలకి తెలుసు. వాళ్ళ పూర్వీకులతో సరిగ్గా ఆ బేరమే ఆడారు మరి.

1942 జూలై 16, 17 తేదీల్లో పారిస్‌లో ఫ్రెంచి పోలీసులే దాదాపు 13,000 మంది యూదుల్ని పట్టుకున్నారు. చాలామందిని వెల్ దివ్ అనే సైకిలు పందేల స్టేడియంలో కుక్కారు. ఆగస్టు 10న, జర్మన్లతో చేతులు కలిపిన ఫ్రాన్స్ విషీ ప్రభుత్వంలో యువజన వ్యవహారాలు చూసే జార్జ్ లామిరాన్ లె షాంబోన్ వచ్చాడు. బడిలో పెద్ద పిల్లలు కొందరు ముందుకొచ్చి ఆయన చేతికి ఉత్తరం ఇచ్చారు. పారిస్‌లో జరిగినదాన్ని విన్నాం, మా మధ్యా యూదులున్నారు, మేం తేడా చూడం, ఇక్కడా అలా చెయ్యమని ఆజ్ఞ వస్తే మేం పాటించం, వాళ్ళని దాచడానికే ప్రయత్నిస్తాం. ఇదీ దాని సారం. పాస్టరుని యూదుల జాబితా ఇమ్మన్నారు. యూదులెవరో నాకు తెలియదు, నాకు తెలిసింది మనుషులే అన్నాడాయన.

రెండు వారాలకి పోలీసులు బస్సులేసుకుని వచ్చారు. ఊరు, పొలాలు, అటకలు వెతికారు. మూడు వారాలున్నా వాళ్ళకి దొరికింది వేళ్ళమీద లెక్కపెట్టే అంతమందే. మొదటిరోజు ఖాళీ బస్సులో ఒకే ఒక్క మనిషి కూర్చుని ఉన్నాడు. త్రోక్మే కొడుకుల్లో ఒకడు కిటికీ దగ్గరికెళ్ళి తన దగ్గరున్న చాక్లెట్ ముక్క అందించాడు. యుద్ధంలో పిల్లవాడి దగ్గర చాక్లెట్ అంటే ఎంత అపురూపమో! అది చూసి ఊరివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఏదో ఒకటి తెచ్చి ఇచ్చారు. ఆ మనిషి పక్కన తినుబండారాల కుప్ప పేరుకుంది.

మగ్దా భోజనాల బల్ల గురించి మరొక్క మాట. 1943 ఫిబ్రవరి 13 సాయంత్రం ఇద్దరు పోలీసులు త్రోక్మేని అరెస్టు చెయ్యడానికి వచ్చారు. ఆయన ఇంట్లో లేడు, కూర్చున్నారు. ఆయన వచ్చేసరికి భోజనాల వేళయింది. మగ్దా వాళ్ళనీ బల్ల దగ్గరికి పిలిచింది. భర్తని తీసుకుపోయేవాళ్ళకి అన్నం పెట్టావా అని తర్వాత చాలామంది ఆశ్చర్యపోయారు. భోజనాల వేళ కదా, వాళ్ళూ ఆకలిగానే ఉన్నారు అనే ధోరణిలో జవాబు చెప్పింది ఆమె. ఊరి జనం చేతికందినవి పట్టుకుని వచ్చారు, సార్డిన్ చేపల డబ్బా, కొవ్వొత్తి. త్రోక్మేనీ, టైస్‌నీ, ఊరి సర్కారు బడి హెడ్‌మాస్టరు రోజే దార్సిసాక్‌నీ తీసుకెళ్ళి నెలకి పైగా శిబిరంలో ఉంచారు.

అందరూ తిరిగి రాలేదు. త్రోక్మే బంధువు, దానియెల్ అనే యువకుడు, పిల్లల వసతి గృహం చూసుకునేవాడు. రాత్రిళ్ళు కూర్చుని పాత టైరు ముక్కలతో పిల్లల జోళ్ళకి అడుగులు వేసేవాడు. 1943 జూన్ 29న జర్మన్ రహస్య పోలీసులు గెస్టపో వచ్చి విద్యార్థుల్ని పట్టుకుంటే, తప్పించుకునే వీలున్నా వాళ్ళతో పాటే ఉన్నాడు. 1944లో మైదానెక్ శిబిరంలో చనిపోయాడు. జోళ్ళు బాగుచేసే ఆ చేతుల్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది. ఊరి డాక్టరు రోజే ల ఫొరెస్టియేని 1944 ఆగస్టులో కాల్చి చంపారు.

ఎంతమందికి ఆశ్రయం దొరికిందంటే లెక్క ఎవరూ రాసిపెట్టలేదు, రాస్తే ప్రాణాలు పోతాయి. 3,000 నుంచి 5,000 దాకా అంచనాలున్నాయి. 1990లో, యూదుల మారణహోమాన్ని స్మరించే ఇజ్రాయెల్ సంస్థ యాద్ వషేం ఆ ఊరినీ, చుట్టుపక్కల పల్లెల్నీ మొత్తంగా గౌరవించింది. ఫిలిప్ హాలీ అనే అమెరికా తత్వశాస్త్ర ఆచార్యుడు ఎన్నో ఏళ్ళు మనుషుల క్రూరత్వం గురించే చదివి చదివి మనసు మొద్దుబారిన స్థితిలో ఈ ఊరి సంగతి చూశాడు, చదువుతూ తన చెంపలు తడిశాయని తర్వాత గమనించాడు. 1979లో ఆయన రాసిన పుస్తకంతోనే ఈ కథ లోకానికి బాగా తెలిసింది.

మట్ట ఇంకొకటి వెయ్యండి, మంట తగ్గుతోంది. టీ తీసుకోండి.

మన దగ్గరి మాట కూడా ఒకటి చెప్పాలి. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు. తమిళనాడులో పుట్టి, నిజాం రాజ్యంలో తెలుగువాళ్ళ మధ్యకి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. అంతకు రెండేళ్ళ ముందు, 1910లో, ఎడిన్‌బరో మహాసభలో ప్రపంచంలోని పెద్ద పెద్ద మిషనరీలందరి ముందూ లేచి ఒక సంగతి మొహం మీదే చెప్పారు. మీరు మా కోసం ఆస్తులిచ్చారు, దేహాలు ఇచ్చారు, అన్నీ నిజమే, కానీ మాకు స్నేహం కావాలి, మీరు మా స్నేహితులు కండి అని. ఎన్నో ఏళ్ళు పక్కపక్కన పనిచేసి కూడా కలిసి భోంచెయ్యని మనుషుల గురించి ఆయన మాట్లాడారు. సభ కలవరపడింది. ఇవ్వడానికీ చేర్చుకోవడానికీ తేడా ఏమిటని చిన్నప్పుడు నేను అమ్మని అడిగిన ప్రశ్నకి జవాబు అదే. ఆ ప్రశ్న మిషనరీలతో అయిపోలేదు. బల్లారాధనలో ఒకే రొట్టె తీసుకుని, బయటికొచ్చాక ఒకరింటి గడప ఒకరు తొక్కని సంఘాలు మనలో ఇంకా ఉన్నాయి. ఊళ్ళో ఒకే ప్రభువుకి రెండు మందిరాలు ఎందుకున్నాయో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. పరదేశి ఎక్కడో ఫ్రాన్సు మంచులోంచి రానక్కర్లేదు.

ఇక గ్రిల్లు సంగతి. మీరు మర్చిపోలేదని తెలుసు.

మా ఇల్లు ఊరి చివర. అవతల ఇటుక బట్టీలున్నాయి. ఏటా చలికాలం మొదట్లో ఒడిశా నుంచి కుటుంబాలకి కుటుంబాలు పనికొస్తాయి, ఎండలు ముదిరాక వెళ్తాయి. కొన్నేళ్ళ కిందట, డిసెంబరు, వాన. నేను వరండాలో క్రిస్మస్ స్టారుకి బల్బు పెడుతున్నాను, లోపల కజ్జికాయలు వేగుతున్నాయి. ఒకామె గేటు దాటి వచ్చి గ్రిల్లు పట్టుకుంది. చంకలో పిల్ల. ఆమె మాట నాకు అర్థం కాలేదు. పిల్ల నుదురు చూపించింది, జ్వరమని తెలిసింది. చీర తడిసి కారుతోంది. నేను లోపలికెళ్ళి వంద రూపాయల నోటు తెచ్చి గ్రిల్లు సందులోంచి ఇచ్చాను. ఆసుపత్రి ఎటో చేత్తో చూపించాను. ఆమె తీసుకుని ఒక్క క్షణం అలాగే నిలబడి, వెళ్ళిపోయింది. గ్రిల్లుకి తాళం కూడా లేదండీ. గడియ తీస్తే సరిపోయేది. తువ్వాలు ఉంది, వేడిపాలు ఉన్నాయి, ఫోను చేస్తే వచ్చే ఆటో ఉంది. ఆ రాత్రి ఆరాధనలో సత్రంలో చోటు దొరకని తల్లి గురించి చదువుతుంటే నా చేతిలో పుస్తకం నిలవలేదు. మర్నాడు బట్టీ దగ్గరికి వెళ్ళి అడిగాను. మేస్త్రీ కొన్ని కుటుంబాల్ని వేరే బట్టీకి తీసుకెళ్ళాడన్నారు. ఎక్కడికో ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఆ పిల్ల ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పటినుంచి పగటిపూట ఆ గ్రిల్లు తీసే ఉంటోంది. వరండాలో ఒక బల్ల వేయించాను, అరుగంత ఎత్తులో. బియ్యం కొలిచేటప్పుడు ఇంకో గుప్పెడు వేస్తున్నాను. మొదటి ఏడు ఎవరూ రాలేదు. ఎందుకొస్తారు? తెరిచి ఉన్న తలుపు తమకోసమేనని ఎవరికి తెలుస్తుంది? మా సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళం కలిసి బట్టీకి వెళ్ళడం మొదలుపెట్టాం. ఏమీ పంచలేదు. వెళ్ళి వాళ్ళ గుడిసెల ముందు కూర్చునేవాళ్ళం. వాళ్ళే మాకు టీ ఇచ్చారు. ఎమ్మాయు దారిలో ఇద్దరు శిష్యులు తెలియని బాటసారిని భోజనానికి ఉండమని బతిమాలితే, ఇంట్లోకొచ్చాక రొట్టె విరిచి వాళ్ళకి అందించింది ఆ బాటసారే. ఆ భాగం ఎన్నిసార్లు చదివానో, గుడిసె ముందు ఆ గ్లాసు చేత్తో పట్టుకునేదాకా నాకు అందలేదు.

కిందటి వేసవిలో, ఏప్రిల్ నెల, ఒక ఉదయం వాళ్ళలో ఒకామె మా ఇంటికొచ్చింది. మా వంటింటి మూల తరవాణి కుండ ఉంటుంది, అమ్మ నాటి అలవాటు. మూత తీసి పులిసిన వాసన చూసి ఆమె మొహం వెలిగిపోయింది. ‘పఖాళ!’ అంది. వాళ్ళ దేశంలో చద్దన్నానికి అదే పేరట. ఉల్లిపాయ ఎక్కడుందని సైగ చేసింది. చూపించాను. తరిగింది. పెరుగు కలిపింది, పచ్చిమిరపకాయ నలిపింది, ఉప్పు రుచి చూసింది. నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, నా ఇంట్లో నా కంచంలో నాకు వడ్డించింది.